ఒకే బెంచీలో కూర్చున్నోడు ఇప్పుడు కెప్టెన్, నేను లెఫ్టినెంట్: సెల్యూట్ గురించి సలహా కావాలి

హంద్రీ_గట్టు (కర్నూలు)
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఈ వేదికలో చాలా కాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మాది కర్నూలు. మొన్న సెప్టెంబర్‌లో చెన్నై ఓటీఏ (ఆర్మీ ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీ) నుంచి పాసవుట్ అయ్యాను, ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ. ఇప్పుడు అక్క పెళ్లికని సెలవు మీద ఇంటికొచ్చాను.

ఈ ఆదివారం ఎన్‌సీసీ డే. నేను డిగ్రీ చదివిన కాలేజీలో కార్యక్రమం పెట్టారు. కావలసిన పర్మిషన్ తీసుకున్నాను, యూనిఫాంలోనే వెళ్తున్నాను. అదే కార్యక్రమానికి నా స్నేహితుడూ వస్తున్నాడు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. వాడు ఇంటర్ అయిపోగానే ఎన్‌డీఏకి (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పోయాడు. మూడేళ్లు ఖడక్‌వాస్లాలో, ఒక ఏడాది డెహ్రాడూన్‌లో. నేను ఇక్కడే బీఎస్సీ చేసి, ఎస్‌ఎస్‌బీలో (ఆఫీసర్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూ) రెండుసార్లు పోయి, మూడోసారి సెలెక్ట్ అయ్యాను. ఆ తేడాలో వాడు ఈ జూన్‌లో కెప్టెన్ అయ్యాడు. నా భుజం మీద రెండు స్టార్లు, వాడి భుజం మీద మూడు.

ఇంట్లో వాడు నన్ను రేయ్ అంటాడు, నేనూ అంతే. మా అమ్మ చేసే ఉగ్గాని, బజ్జీ తిని పెరిగినోడు. ఆదివారం వంద మంది క్యాడెట్ల ముందు ఎదురుపడతాం. సెల్యూట్ చేయాలని నాకు తెలుసు, ఏడాదంతా అదే నేర్పారు. కానీ వాడికి ఇబ్బందిగా ఉంటుందేమో, నేను నాటకం ఆడినట్టు అనిపిస్తుందేమో అని మనసులో ఒకటే గుంజాటన.

ఇంకొకటి. మా ఎన్‌సీసీ సార్ కూడా ఉంటారు. ఆయన భుజం మీదా రెండు స్టార్లే. నాకు సావధాన్ (కదలకుండా నిటారుగా నిలబడటం) అంటే ఏమిటో నేర్పిన మనిషి. నాది రెగ్యులర్ ఆర్మీ అని ఆయనే ముందు చెయ్యి ఎత్తితే నేను తట్టుకోలేను.

తెలిసినవాళ్లు చెప్పండి. నిజంగా టెన్షన్‌గా ఉంది.

---

నిర్వాహకుడు
సోమవారం, రాత్రి 9:58

పోస్టులో యూనిట్ పేరు, పోస్టింగ్ ఊరు ఉన్న వాక్యం తీసేశాను. సర్వీసులో ఉన్నవాళ్లు ఎవరైనా సరే అవి ఇక్కడ రాయొద్దు. కార్యక్రమం జరిగే కాలేజీ పేరు కూడా అడగొద్దు.

---

అనంత_ఎన్‌సీసీ_అక్క (అనంతపురం)
సోమవారం, రాత్రి 10:15

తమ్ముడూ, ముందు అభినందనలు. సీమ నుంచి ఒక బిడ్డ ఓటీఏ గేటు దాటి బయటికొచ్చాడంటే మాకు పండగే. నేను ఎన్‌సీసీలో సీనియర్ అండర్ ఆఫీసర్‌గా (క్యాడెట్లలో పెద్ద ర్యాంకు) చేశాను, సి సర్టిఫికెట్ ఉంది. ఎస్‌ఎస్‌బీ నాకు రాలేదు. ఇప్పుడు టీచర్‌ని.

ఆ రోజు నిన్ను చూసేది క్యాడెట్లు. మీ ఇద్దరి స్నేహం వాళ్లకు తెలియదు. వాళ్లకు కనిపించేది రెండు స్టార్లు, మూడు స్టార్లు, అంతే. నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ఒక క్యాంపులో ఇద్దరు ఆఫీసర్లు ఎదురుపడి ఎట్లా సెల్యూట్ చేసుకున్నారో చూసిన తర్వాతే నాకు డ్రిల్ అంటే ఏమిటో అర్థమైంది. అప్పటిదాకా అది పెరేడ్ గ్రౌండ్‌లో డ్రిల్ నేర్పే ఉస్తాద్ తిట్టకుండా ఉండటానికి చేసే పని అనుకునేదాన్ని.

మా పిల్లలకు నేను చెప్పే మాటలే నీకూ చెప్తాను, నీకు తెలిసినవే అయినా. చెయ్యి పక్క నుంచి చుట్టు తిరిగి పైకి పోవాలి, కిందికి మాత్రం దగ్గరి దారిలో రావాలి. అరచెయ్యి పూర్తిగా ఎదుటివాళ్లకు కనిపించాలి, వేళ్లు అతుక్కుని ఉండాలి, బొటనవేలు విడిపోకూడదు. చూపు ఆయన కళ్లలోకి. కళ్లు కింద పెట్టుకుని చేసే సెల్యూట్ సగం సెల్యూట్.

---

పాత_సుబేదార్ (నంద్యాల)
సోమవారం, రాత్రి 11:05

జై హింద్ సాబ్.

నేను 1986లో సిపాయిగా భర్తీ అయి 2014లో సుబేదార్‌గా ఇంటికొచ్చాను. 28 ఏళ్లు. మీ వయసు కొడుకు ఉన్నాడు నాకు. అయినా మిమ్మల్ని సాబ్ అనే రాస్తాను. ఎందుకంటే మీ భుజం మీదున్నది రాష్ట్రపతి ఇచ్చిన కమిషన్, అంటే ఆఫీసర్ హోదా. నేను ఎంత పాతవాణ్నైనా సెల్యూట్ చేసింది దానికే. మీరు కూడా సర్వీసులో ఉన్న సుబేదార్‌ని సాబ్ అనే పిలవాలి, పిలుస్తున్నారనే అనుకుంటున్నాను. రెండు వైపులా సాబ్ అనుకునే ఇల్లు ఫౌజు ఒక్కటే.

మీరు సెల్యూట్ ఇవ్వడం గురించి అడిగినారు. తీసుకోవడం గురించి అడగలేదు. అందుకే ఇంత రాత్రి పూట రాస్తున్నాను.

చలి ఎముకల్లోకి దిగే ఒక చోట మేము ఉన్నప్పుడు కొత్త లెఫ్టినెంట్ ఒకాయన వచ్చినాడు. చదువు, పరుగు, ఫైరింగ్ అన్నీ బాగా ఉన్న మనిషి. ఒక రోజు పొద్దున మంచు తవ్వి వస్తున్న జవాను ఎదురుపడ్డాడు. పార ఎడమ చేతికి మార్చుకుని, నిలబడి, సెల్యూట్ చేసినాడు. ఆ సాబ్ చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. తల ఊపి వెళ్లిపోయినాడు. జవాను చెయ్యి దించిన తీరు నేను చూసినాను. ఎత్తినప్పుడు ఉన్న బిగువు దించేటప్పుడు లేదు. వారం తర్వాత అదే జవాను ఆయన దూరం నుంచి కనిపిస్తే దారి మార్చి టెంట్ వెనక నుంచి పోవడం చూసినాను.

నేను ఆయనతో ఒంటరిగా మాట్లాడినాను. సుబేదార్ లాంటి జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) పని అది కూడా. ఆయన నొచ్చుకోకుండా విన్నాడు. మరుసటి రోజు నుంచి మారినాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో, పెద్ద ర్యాంకులోనే ఉంటాడు.

మీ స్నేహితుడికి సెల్యూట్ చేయండి, అందులో సందేహం లేదు. అది మీకు వచ్చిన విద్యే. ఆదివారం మీకు ఎంతమంది చేస్తారో, వాళ్లకు మీరు తిరిగి ఎట్లా చేస్తారో, దాని గురించి ఈ ఐదు రోజులు ఆలోచించండి.

---

హంద్రీ_గట్టు
సోమవారం, రాత్రి 11:50

సుబేదార్ సాబ్, జై హింద్. మీ పోస్టు మూడుసార్లు చదివాను.

చెప్పకుండా ఉండలేను. ఈరోజే కాలేజీకి పోయాను, ఏర్పాట్లు చూద్దామని. మామూలు ప్యాంటు, షర్టు. గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్న పెద్దాయన మాజీ సైనికుడు. నేను ఆఫీసర్ అయ్యానని ఎవరో చెప్పినట్టున్నారు, లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. నేను ఫోన్‌లో పెళ్లి సామాన్ల గురించి మాట్లాడుతున్నాను. తల ఊపి లోపలికి పోయాను. మీరు రాసిన ఆ సాబ్ చేసింది, నేను చేసింది ఒకటే.

నిద్ర పట్టేట్టు లేదు. సివిల్ బట్టల్లో, నెత్తిన టోపీ లేకుండా ఉన్నప్పుడు ఏం చేసి ఉండాల్సింది?

---

పాత_సుబేదార్
మంగళవారం, తెల్లవారుజామున 5:10

ఆగి, ఫోన్ దించి, నిటారుగా నిలబడి, ఆయన కళ్లలోకి చూసి జై హింద్ అనాల్సింది. అంతే. టోపీ లేని తలతో చెయ్యి ఎత్తడం మన ఆర్మీ పద్ధతి కాదు, సావధాన్‌లో నిలబడి మాటతో చెప్పడమే సెల్యూట్. సర్దార్ల పగడీ మాత్రం టోపీ లెక్కే.

గేటు ఎక్కడికీ పోలేదు సాబ్. ఆదివారం కూడా అక్కడే ఉంటుంది.

---

ఆకుపచ్చ_పదేళ్లు (అనంతపురం)
మంగళవారం, ఉదయం 8:30

షార్ట్ సర్వీస్ (కొన్నేళ్ల పరిమిత సర్వీసు) చేసి మేజర్‌గా బయటికొచ్చినవాణ్ని. సుబేదార్ సాబ్ అసలు మాట చెప్పేశారు, నేను మిగిలినవి చెప్తాను.

స్నేహితుడి సంగతి. ఆఫీసర్ల సీనియారిటీ కమిషన్ తేదీ నుంచి లెక్క. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కర్నల్. ఇంకో నాలుగేళ్లకు అతని మూడు స్టార్ల చోట సింహాల చిహ్నం వస్తుంది, అప్పటికి నువ్వు కెప్టెన్‌గా ఉంటావు. అంటే ఈ రెండేళ్ల తేడా సర్వీసంతా మీతోనే నడుస్తుంది. ఇప్పుడు సర్దుకోకపోతే ప్రతి ప్రమోషన్ దగ్గరా గుచ్చుకుంటుంది. నేను చూశాను అట్లాంటి స్నేహాలు చెడిపోవడం. సెల్యూట్ వల్ల చెడిపోలేదు. సెల్యూట్ తప్పించుకోవాలని ఒకరినొకరు తప్పించుకోవడం వల్ల చెడిపోయాయి.

రోజువారీగా లెఫ్టినెంట్, కెప్టెన్ మధ్య ఎంత పట్టింపు ఉంటుందనేది యూనిట్‌ని బట్టి మారుతుంది. పొద్దున పీటీ నుంచి రాత్రి మెస్ దాకా పదిసార్లు ఎదురుపడతారు. నేను పనిచేసిన చోట ఆ రోజు మొదటిసారి కలిసినప్పుడు సెల్యూట్, తర్వాత మాటలే. మేజర్ నుంచి పైన ఫీల్డ్ ఆఫీసర్లు అంటాం, అక్కడ ఎవరూ సడలించరు. కానీ జవాన్లు, క్యాడెట్లు చూస్తున్న చోట ఆ కాస్త వెసులుబాటు కూడా వాడుకోకూడదు. ఆదివారం అట్లాంటి చోటు.

ఇంకో సంగతి నువ్వు అడగలేదు. ఎన్‌సీసీ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ ర్యాంకులో ఉంటారు, ఆయన తప్పకుండా వస్తారు. ఆయన, నీ స్నేహితుడు ఒకే చోట నిలబడి ఉంటే నీ సెల్యూట్ ఆయనకే. గుంపులో అందరికన్నా పెద్ద ర్యాంకు ఎవరిదో వాళ్లకు ఒక్కసారి చేస్తే చాలు, వాళ్లే తిరిగి చేస్తారు. కర్నల్ గారి పక్కనున్న కెప్టెన్‌కి విడిగా మళ్లీ చేయడం తప్పు. కొత్తవాళ్లు కంగారులో చేసే పొరపాటు ఇదే.

మీ ఎన్‌సీసీ సార్ విషయంలో రూలు వెతకొద్దు. కాలేజీ ఎన్‌సీసీ ఆఫీసర్లకు లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్ ర్యాంకులు ఉంటాయి, వాళ్ల కమిషన్ ఎన్‌సీసీది. మీ ఇద్దరి భుజాల మీదా ఉన్నవి రెండే స్టార్లు కాబట్టి ర్యాంకు లెక్కన ఒకరికొకరు బాకీ లేదు. ఇక మిగిలింది గురువు, శిష్యుడు. ఆయన్ని దూరం నుంచి చూడగానే నువ్వే ముందు అడుగు వెయ్యి, ఆయన చెయ్యి కదిలేలోపే నీది పైకి లేవాలి. ఎవరూ తప్పు పట్టరు.

---

రాజ్‌విహార్_సెంటర్ (కర్నూలు)
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నాకు ఫౌజుతో సంబంధం లేదు. కోపంతో కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మనిషిని చూసి కాక భుజం మీద గుర్తును చూసి వంగడం నాకు మింగుడు పడదు. మా నాయన ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండర్‌గా 31 ఏళ్లు చేశాడు. పొద్దున లేస్తే పదిమందికి నమస్తే పెట్టేవాడు. తల ఎత్తి చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. చిన్నప్పుడు ఒకసారి ఆయన క్యారియర్ ఇవ్వడానికి పోయి అది కళ్లారా చూశాను. అప్పటి నుంచి ఈ పద్ధతులంటే నాకు మంట. ఒకే బెంచీలో చదువుకున్న ఇద్దరి మధ్య కూడా ఇది తప్పదా? ఇది ఇంగ్లీషోళ్లు వదిలిపోయిన అలవాటు కాదా?

---

ఆకుపచ్చ_పదేళ్లు
మంగళవారం, మధ్యాహ్నం 2:05

డ్రిల్ బ్రిటిష్ వాళ్ల దగ్గర నుంచి వచ్చిందే, కాదనను. కానీ మీ నాయన గారి విషయం చెప్పారు కాబట్టి దాని మీదే మాట్లాడతాను.

మీ నాయన పెట్టిన నమస్తేకి జవాబు ఇవ్వని అధికారిని అడిగే దిక్కు లేదు. ఫౌజులో ఉంది. సెల్యూట్ తీసుకుని తిరిగి చేయకపోవడం ఆఫీసర్ తప్పు, పై ఆఫీసర్ చూస్తే నిలబెట్టి అడుగుతాడు. కింది మనిషి పలకరిస్తే పై మనిషి జవాబు చెప్పి తీరాలని రాసిపెట్టిన పలకరింపు మన దేశంలో ఇంకెక్కడుందో చెప్పండి. ఇందులో ఎవరూ వంగరు కూడా. చేసేవాడూ నిటారుగానే ఉంటాడు, తీసుకునేవాడూ నిటారుగానే ఉంటాడు, ఇద్దరి చేతులూ ఒకే ఎత్తుకు లేస్తాయి. కింది ర్యాంకు చెయ్యి ముందు లేస్తుంది, అంతే తేడా.

ఒకే బెంచీ గురించి. రేపు ఎక్కడో ఒక ఆపరేషన్‌లో ఆ కెప్టెన్ ఈ లెఫ్టినెంట్‌ని 'నువ్వు ముందు పో' అనాల్సి రావచ్చు. అప్పుడు ఇతను స్నేహితుడి మాట విన్నట్టు వినకూడదు, అతను స్నేహితుణ్ని పంపలేక ఆగిపోకూడదు. దానికి తయారీ ఎప్పుడు మొదలవుతుంది? శాంతి కాలంలో, కాలేజీ గ్రౌండ్‌లో, చేతిని నుదుటి దాకా ఎత్తడంతో మొదలవుతుంది.

---

పాత_సుబేదార్
మంగళవారం, సాయంత్రం 6:45

రాజ్‌విహార్ బాబూ, మీ నాయన గారికి నా తరఫున జై హింద్ చెప్పండి.

గుర్తుకు కాదు, మనిషికే విలువ ఇవ్వాలంటున్నారు. ర్యాంకు లెక్క తిరగబడే చోటు ఒకటుంది ఫౌజులో. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర హెలికాప్టర్ కూలిపోయింది కదా. జనరల్ బిపిన్ రావత్ గారు పోయినారు. మన సీమ బిడ్డ, కురబలకోట మండలం లాన్స్ నాయక్ సాయితేజ కూడా అందులోనే పోయినాడు. మరుసటి రోజు రాత్రి ఢిల్లీ పాలం విమానాశ్రయంలో శవపేటికలన్నీ వరసగా పెట్టినారు. జనరల్‌దీ, లాన్స్ నాయక్‌దీ అక్కడే. త్రివిధ దళాధిపతులు అక్కడికొచ్చి సెల్యూట్ చేసినారు. బతికున్నప్పుడు లాన్స్ నాయక్ ఎవరికి ముందు చెయ్యి ఎత్తాలో, వాళ్లే ఆ రోజు ఆయన ముందు ఎత్తినారు. టీవీలో చూస్తూ నేను ఇంట్లో లేచి నిలబడినాను. మా ఇంటామె ఏమీ అనలేదు, తనూ లేచింది.

---

రాజ్‌విహార్_సెంటర్
మంగళవారం, రాత్రి 8:10

మా నాయనకు చదివి వినిపించాను. సాయితేజ గారి గురించి రాసింది రెండోసారి చదవమన్నాడు.

నా అనుమానం పూర్తిగా పోయిందని చెప్పను. ఆఫీసర్ల ఇంట్లోవాళ్లకు కూడా జవాన్లు సెల్యూట్ చేయాలా అన్నది ఇంకా అడగాలని ఉంది.

---

ఆకుపచ్చ_పదేళ్లు
మంగళవారం, రాత్రి 8:40

అవసరం లేదు. ర్యాంకు ఆఫీసర్‌ది, భార్యాపిల్లలది కాదు. ఎదురుపడితే నమస్తే మేడమ్ అనడం మర్యాద, అది మనిషికి మనిషి చెప్పుకునేది. మెస్‌లో చూసినా అంతే, లోపలికి రాగానే టోపీ తీసేస్తాం, సెల్యూట్లు ఉండవు. జూనియర్లు అక్కడున్న సీనియర్ దగ్గరికి పోయి గుడ్ ఈవెనింగ్ సార్ అని పలకరిస్తారు.

---

కడప_నేవీ (కడప)
బుధవారం, ఉదయం 7:15

సెలవులో ఉన్నాను, ఇప్పుడే చూశాను. ఒక సంగతి కలపాలి. ఆదివారం ఎన్‌సీసీ డే కాబట్టి నేవల్, ఎయిర్ వింగ్ వాళ్లు కూడా రావచ్చు.

బ్రదర్, పేర్లు చూసి మోసపోవద్దు. నేవీ లెఫ్టినెంట్ మీ ఆర్మీ కెప్టెన్‌తో సమానం, మీ లెఫ్టినెంట్‌తో కాదు. మీతో సమానం మా సబ్ లెఫ్టినెంట్, ఎయిర్‌ఫోర్స్‌లో ఫ్లయింగ్ ఆఫీసర్. మీ స్నేహితుడితో సమానం మా లెఫ్టినెంట్, వాళ్ల ఫ్లైట్ లెఫ్టినెంట్. ఇక నేవీ కెప్టెన్ అంటే మీ కర్నల్. భుజం మీద నాలుగు బంగారు పట్టీలు ఉంటాయి. 'మా స్నేహితుడూ కెప్టెనే కదా' అన్నట్టు మాట్లాడితే అక్కడే అయిపోతుంది.

పట్టీలు లెక్కపెట్టుకుంటే చాలు. మాకు ఒకటి సబ్ లెఫ్టినెంట్, రెండు లెఫ్టినెంట్, రెండున్నర లెఫ్టినెంట్ కమాండర్, అంటే మీ మేజర్. రెండు పట్టీలు కనిపిస్తే మీ చెయ్యి ముందు లేవాలి.

ఎవరి పద్ధతిలో చేయాలి అని అకాడమీల్లోనూ అడుగుతుంటారు. ఎవరి సర్వీసు పద్ధతిలో వాళ్లే. మీది అరచెయ్యి ముందుకు, మాది అరచెయ్యి కిందికి. ఎయిర్‌ఫోర్స్ వాళ్లు 2006 మార్చిలో మార్చుకున్నారు, అప్పటి నుంచి వాళ్లది 45 డిగ్రీల వాలు. నావికుల చేతులు ఓడ తాళ్ల తారుతో నల్లగా ఉండేవి కాబట్టి అరచెయ్యి చూపకూడదని అట్లా వచ్చిందని మా ఉస్తాద్‌లు చెప్తారు. నాకు ఆ కథ ఇష్టం. మా తాత కడపలో బళ్ల చక్రాలకు కందెన పూసేవాడు, ఆయన చేతులు గుర్తొస్తాయి.

---

టెక్సాస్‌లో_ప్రొద్దుటూరు
బుధవారం, ఉదయం 9:00

మా పక్కింటి అబ్బాయి ఇక్కడి ఆర్మీలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు, కమిషనింగ్‌కి మమ్మల్నీ పిలిచారు. వీళ్లకు ఒక ఆచారం ఉంది. కొత్త ఆఫీసర్‌కి మొదటి సెల్యూట్ చేసిన సైనికుడికి ఆ ఆఫీసర్ ఒక వెండి డాలర్ ఇస్తాడు. ఈ అబ్బాయి తనకు శిక్షణ ఇచ్చిన సార్జెంట్‌తో చేయించుకున్నాడు. ఆ సార్జెంట్ డాలర్‌ని పిడికిట్లో పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. సుబేదార్ గారి మాట చదివితే అది గుర్తొచ్చింది. తీసుకున్న సెల్యూట్ బాకీ లాంటిదని వీళ్లకూ తెలుసన్నమాట.

---

ఎమ్మిగనూరు_అమ్మ
బుధవారం, మధ్యాహ్నం 3:30

నాయనా, నా కొడుకూ ఆర్మీలోనే ఉన్నాడు, సిపాయి. రూల్స్ నాకు తెలియవు. ఒకటి మాత్రం తెలుసు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా వాళ్ల కొత్త సాబ్ గురించి చెప్తాడు. కొత్తలో ఆ సాబ్ వీళ్లతోపాటే బ్యారక్‌లో పడుకున్నాడంట, వీళ్ల లంగర్‌లోనే తిన్నాడంట. పేరు పెట్టి పిలుస్తాడంట. 'అమ్మా, నేను సెల్యూట్ చేస్తే సాబ్ నడుస్తున్నవాడు కూడా నా వైపు తిరిగి చేస్తాడు' అని వాడు చెప్పినప్పుడు గొంతులో ఉన్న సంతోషం నేను విన్నాను. ఆ సాబ్ తల్లి ఎవరో గానీ చల్లగా ఉండాలి. నీవూ అట్లాంటి సాబ్ కావాలి.

---

హంద్రీ_గట్టు
శనివారం, రాత్రి 10:20

అమ్మా, మీ పోస్టు మా అమ్మకు చూపించాను. ఎమ్మిగనూరు ఎంత దూరం, వాళ్లను పెళ్లికి పిలవచ్చా అని అడుగుతోంది.

అందరికీ కృతజ్ఞతలు. యూనిఫాం ఇస్త్రీ అయింది, బూట్లు మెరిశాయి. మా పెద్దనాయన ఊరి నుంచి వచ్చాడు. భుజం మీద రెండు స్టార్లు చూసి 'ఎస్సై అయినావా నాయనా' అన్నాడు. ఎస్సైకి స్టార్ల పక్కన ఎరుపు, నీలం రిబ్బన్ ఉంటుంది, సుబేదార్ సాబ్‌కీ రెండు స్టార్లే గానీ వాటితోపాటు అడ్డపట్టీ ఉంటుంది, నాది వట్టి రెండు స్టార్లు అని కూర్చోబెట్టి చెప్పాను. ఆయన స్టార్లను వేలితో తడిమి చూశాడు.

రేపు రాస్తాను.

---

హంద్రీ_గట్టు
ఆదివారం, రాత్రి 9:15

కార్యక్రమం అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బండిని గేటుకు వంద గజాల ఇవతలే ఆపమన్నాను. దిగి, బెరెట్ పెట్టుకుని నడిచాను. వాచ్‌మన్ పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. సెక్యూరిటీ వాళ్లిచ్చిన టోపీ, వదులు చొక్కా. కానీ చెయ్యి లేచిన తీరు మాత్రం వేరే. అరచెయ్యి పూర్తిగా నా వైపు. చూపుడు వేలు చివర కొద్దిగా వంకర తిరిగి ఉంది, ఎప్పుడో విరిగినట్టుంది. మిగతా వేళ్లు దానికి అతుక్కుని ఉన్నాయి. నేను ఆగాను. ఆయన వైపు పూర్తిగా తిరిగి, సావధాన్‌లోకి వచ్చి, తిరిగి చేశాను. తర్వాత సోమవారం చేసిన తప్పు గురించి చెప్పి క్షమించమన్నాను. 'నాకు గుర్తే లేదు సార్' అన్నాడు. గుర్తుంది, కళ్లలో తెలుస్తోంది. పదిహేనేళ్లు సర్వీసు చేసి నాయక్‌గా వచ్చాడంట. ఏ రెజిమెంటో చెప్పేటప్పుడు మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

లోపల గ్రౌండ్ పక్కన వేపచెట్టు దగ్గర మా ఎన్‌సీసీ సార్ క్యాడెట్ల వరస సరిచేస్తున్నారు. మేజర్ సార్ చెప్పినట్టు నేనే వేగంగా అడుగులు వేశాను. ఆయన తిరిగి చూసేటప్పటికే నా చెయ్యి నుదుటి దగ్గరుంది. సార్ తిరిగి చేశారు. పూర్తి సెల్యూట్, క్లాసులో చూపించినట్టే. తర్వాత దగ్గరికొచ్చి నా బెరెట్ చూశారు. బ్యాడ్జి ఎడమ కంటి మీదికి ఉండాలి కదా, కాస్త పక్కకు జరిగింది. ఫస్టియర్‌లో చేసినట్టే రెండు వేళ్లతో పట్టుకుని సర్దారు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను.

వాడు కర్నల్ గారి కన్నా ముందే వచ్చాడు. క్యాడెట్లు రెండు వరసల్లో ఉన్నారు, మధ్యలో దారి. వాడు ఆ చివర, నేను ఈ చివర. నడుస్తుంటే ఒక్క క్షణం ఆరో తరగతి బెంచీ కళ్ల ముందుకొచ్చింది, నిజమే. కానీ మూడడుగుల దూరంలో చెయ్యి తనంతట తనే లేచింది. 'జై హింద్ సార్' అన్నాను. ఆ సార్ అనే మాట బరువనిపిస్తుందేమోనని వారమంతా భయపడ్డాను. అనిపించలేదు. వాడి చెయ్యి కూడా లేచింది. 'జై హింద్' అన్నాడు, నా పేరు పెట్టి పిలిచాడు. రేయ్ అనలేదు. చేతులు దించాక కరచాలనం చేశాం. అప్పుడు నా చేతిని మామూలు కన్నా రెండు క్షణాలు ఎక్కువసేపు పట్టుకున్నాడు.

తర్వాత కర్నల్ గారు వచ్చారు. ఆయనకు ఒకటే సెల్యూట్, వాడికి విడిగా చేయలేదు. మేజర్ సార్, ఆ మాట మీరు చెప్పకపోతే నేను తప్పకుండా తడబడేవాణ్ని. నేవల్ వింగ్ నుంచి రెండు పట్టీల లెఫ్టినెంట్ ఒకరు వచ్చారు. కడప అన్నా, నా చెయ్యే ముందు లేచింది.

చివరిది. వచ్చేటప్పుడు ఒక చిన్న క్యాడెట్, సెకండియర్ అమ్మాయి, చేతిలో ట్రేలో టీ గ్లాసులు. రెండు చేతులూ ఖాళీ లేవు. కంగారు పడి ట్రే కింద పెట్టబోయింది. 'చేతులు ఖాళీ లేకపోతే నిలబడి, తల నా వైపు తిప్పి చూస్తే చాలమ్మా, అదే సెల్యూట్' అని చెప్పాను. ఆ అమ్మాయి అట్లాగే నిటారుగా నిలబడి తల తిప్పింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి, ఒక్క చుక్క కూడా ఒలకలేదు. నేను తిరిగి చేశాను.

---

అనంత_ఎన్‌సీసీ_అక్క
ఆదివారం, రాత్రి 9:40

ఆ అమ్మాయి ఈరోజు ఇంటికి పోయి ఏం చెప్పుకుని ఉంటుందో నాకు తెలుసు తమ్ముడూ. నేనూ అదే వయసులో చెప్పుకున్నాను.

---

పాత_సుబేదార్
ఆదివారం, రాత్రి 10:05

జై హింద్ సాబ్. ఆ నాయక్ గారికి పింఛను కాగితాలు, ఈసీహెచ్‌ఎస్ కార్డు (మాజీ సైనికుల వైద్య పథకం కార్డు) అన్నీ సరిగ్గా ఉన్నాయా, ఈసారి పోయినప్పుడు కనుక్కోండి. గేటు దగ్గర పనిచేసే చాలామందికి అవి సగంలో ఆగి ఉంటాయి. ఏదైనా ఉంటే నాకు రాయండి, నేను చూసుకుంటాను.

---

హంద్రీ_గట్టు
ఆదివారం, రాత్రి 10:20

రేపే అడుగుతాను సాబ్.

---

మూడు_స్టార్ల_బెంచీ (కొత్త సభ్యుడు)
ఆదివారం, రాత్రి 11:30

ఆ కెప్టెన్‌ని నేనే. వాడు లింక్ పంపితే మొదటి నుంచి చదివాను.

వాడు రాయనిది ఒకటుంది, వాడికి తెలియదు కాబట్టి. వారమంతా భయపడింది వాడొక్కడే కాదు. వాడు రెండుసార్లు ఎస్‌ఎస్‌బీ నుంచి తిరిగొచ్చినప్పుడు నేను అకాడమీలో ఉన్నాను, ఫోన్‌లో ధైర్యం చెప్పాను, ఆ తర్వాత ఫోన్ పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను. మూడోసారి రాకపోతే మళ్లీ పోతానని వాడు అన్న మాట నాకు తెలుసు. అట్లాంటివాడు నాకు ముందు చెయ్యి ఎత్తుతుంటే, తిరిగి ఎత్తిన నా చెయ్యి వాడి సెల్యూట్‌కి సరిపోవాలని మాత్రమే అనుకున్నాను. గ్లవుజు లేకుండా ఉన్న అరచెయ్యి చెమట పట్టి ఉంది. కరచాలనంలో వాడికి తెలిసే ఉంటుంది.

సుబేదార్ సాబ్, జై హింద్. మీరు రాసిన టెంట్ వెనక నుంచి పోయే జవాను గురించి మా జూనియర్లందరికీ చెప్తాను.

రేయ్, పందిరి గుంజలు రేపు పొద్దున ఆరింటికే వస్తాయని నాయన చెప్పినాడు. లేచి ఉండు, నేనూ వస్తున్నా.